దాచిందేమిటో చెప్పే ఫిల్టర్
జాబితాలోంచి కావలసినవి ఏరుకునే చిన్న సౌకర్యం వెనుక ఎంత తర్కం ఉంది?

భిలాయ్ ఉక్కు నగరంలో చిరునామా చెప్పడం తేలిక. సెక్టార్, స్ట్రీట్, క్వార్టర్ నంబరు చెబితే చాలు, వేల ఇళ్ళలోంచి ఒక్క ఇల్లు దొరుకుతుంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దాని పక్కనే పెరిగిన టౌన్‌షిప్‌లో చాలా సెక్టార్లకు అంకెలే పేర్లు. కొన్నింటికి మాత్రం అంకెలు కాకుండా ఊళ్ళ పేర్లే ఉన్నాయి. రుఆబాంధా అలాంటిదే. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పేర్లన్నీ పరిచయమే.

సెక్టార్ 7 అని రాయడంలో తేడా రావడానికి పెద్దగా అవకాశం లేదు. రుఆబాంధా సంగతి అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒకరు మధ్యలో ఒక 'ఎ' పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు, మరొకరు 'డబ్ల్యూ' కలుపుతారు. తెలుగులోనూ రుఆబాంధా, రువాబంధ, రూఆబాందా అని రకరకాలుగా రాస్తారు. చదివే మనిషికి ఇవన్నీ ఒకే చోటు. కంప్యూటర్‌కు మాత్రం మూడు వేరువేరు చోట్లు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఇలాంటి టౌన్‌షిప్‌లో నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ ఫిర్యాదులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అందులో 10,000 ఫిర్యాదులు ఉన్నాయి. అధికారి 'రుఆబాంధా' అని ఎంచుకోగానే తెర మీద 200 వచ్చాయి. మరో 60 ఫిర్యాదులు వేరే స్పెల్లింగులతో నమోదయ్యాయి కాబట్టి రాలేదు. రాలేదన్న సంగతి అధికారికి తెలిసే దారి లేదు. 200 అన్న అంకె కళ్ళముందు స్పష్టంగా ఉంది, దాన్ని బట్టే ప్లంబర్లను కేటాయించారు. ఆ 60 ఇళ్ళవారు మాత్రం ఫిర్యాదు చేసి కూడా లెక్కలోకి రాలేదు.

పిండి జల్లించేటప్పుడు ఇలా జరగదు. కింద పడిన పిండి, జల్లెడలో మిగిలిన పొట్టు రెండూ కళ్ళముందే ఉంటాయి. పొట్టులో పిండి మిగిలిపోతే మళ్ళీ జల్లిస్తాం. సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌లో మిగిలినది కనిపించదు. ఫిల్టర్ రూపకల్పనలో అసలు చిక్కు ఇదే. కావలసినవి చూపించడం తేలికే, ఏవి చూపించలేదో, ఎందుకు చూపించలేదో చెప్పడమే కష్టం.

ఫిల్టర్ అంటే ఒక ప్రశ్న

దుకాణంలో సరుకు పట్టిక, ఆఫీసులో జీతాల పట్టిక, ఆసుపత్రిలో రోగుల పట్టిక వంటివన్నీ వరుసలు, నిలువు గడులతో ఉంటాయి. ఐబీఎంలో పనిచేసిన గణితజ్ఞుడు ఎడ్గార్ కాడ్ 1970లో ప్రచురించిన పత్రంలో ఇలాంటి పట్టికలకు గణిత పునాది వేశాడు. దాన్నే రిలేషనల్ నమూనా అంటారు. కొన్నేళ్ళకు ఐబీఎంలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ ఆ పునాది మీద ఒక భాషను తయారు చేశారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. వ్యాపార సాఫ్ట్‌వేర్లలో అత్యధికం ఇప్పటికీ ఆ భాషతోనే డేటాబేస్‌ను పలకరిస్తాయి.

ఫిల్టర్ చేసే పని ఇంతే: పట్టికలోని ప్రతి వరుసనూ ఒక ప్రశ్న అడుగుతుంది. "ఈ ఫిర్యాదు రుఆబాంధాదేనా?" అవును అని జవాబు వస్తే వరుసను ఉంచుతుంది, లేకుంటే పక్కన పెడుతుంది. ఇలాంటి ప్రశ్నలను 'మరియు', 'లేదా', 'కాదు' అనే మూడు మాటలతో కలపవచ్చు. ఈ మాటలను బీజగణితంలా లెక్కించవచ్చని బ్రిటిష్ గణితజ్ఞుడు జార్జ్ బూల్ 1854 నాటి తన గ్రంథంలో చూపించాడు. నేటి తెరల మీద మనం నొక్కే ప్రతి చెక్‌బాక్స్ వెనుకా ఉన్నది ఆ తర్కమే.

ప్రశ్న, జవాబు రెండూ సూటిగా ఉన్నప్పుడు చిక్కులు ఎక్కడి నుంచి వస్తాయి? మనిషి అడిగేదానికీ యంత్రం అర్థం చేసుకునేదానికీ మధ్య ఉన్న తేడాల నుంచి. వాటిలో ముఖ్యమైనవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే పేరు, రెండు సంకేతాలు

రుఆబాంధా స్పెల్లింగులు కళ్ళకు కనిపించే తేడా. కనిపించని తేడాలు కూడా ఉంటాయి. 'భిలై' అని తెలుగులో రాసినప్పుడు అందులో ఐత్వం ఉంది. యూనికోడ్ పద్ధతిలో ఈ ఐత్వాన్ని ఒకే సంకేతంగా దాచవచ్చు. ఎత్వం ఒక సంకేతం, దాని కింది గుర్తు ఇంకో సంకేతం అని రెండింటిగానూ దాచవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అక్షరాలను సంకేతాలుగా పోల్చే కంప్యూటర్‌కు మాత్రం ఇవి రెండు వేరు మాటలు. అందుకే యూనికోడ్ ప్రమాణంలో నార్మలైజేషన్ అనే నియమం ఉంది. పోల్చే ముందు రెండు మాటలనూ ఒకే రూపంలోకి మార్చాలి అనేది దాని సారాంశం.

మాట చివర పొరపాటున పడిన ఖాళీ స్థలం, పెద్ద బడి చిన్న బడి అక్షరాల తేడా, అంకెలను అక్షరాలుగా నమోదు చేయడం కూడా ఈ కోవలోవే. అంకెలను అక్షరాలుగా దాస్తే 10 అన్నది 9 కంటే ముందు వస్తుంది, ఎందుకంటే వరుసలో '1' అక్షరం '9' కంటే ముందుంది. "9 కంటే ఎక్కువ నిల్వ ఉన్న సరుకు" అని అడిగితే 10 ఉన్న సరుకు జాబితాలో కనిపించదు.

దీనికి మందు ఫిల్టర్‌లో కాక నమోదులో ఉంది. సెక్టార్ పేరును చేత్తో టైపు చేయనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకోమనాలి. పాత రికార్డులు ఇప్పటికే చెదిరి ఉంటే ఒక మారుపేర్ల పట్టిక పెట్టి అన్ని స్పెల్లింగులనూ ఒకే సెక్టార్‌కు జత చేయాలి. ఏ సెక్టార్‌కూ జత కుదరనివి ఉంటే వాటికి 'గుర్తించనివి' అనే వరుసను ఫిల్టర్‌లోనే చూపించాలి. ఆ వరుస పక్కన 60 అని కనిపిస్తే చాలు, అధికారికి అనుమానం వస్తుంది.

మాటల్లో 'మరియు', తర్కంలో 'లేదా'

"రుఆబాంధా, రిసాలీ ఫిర్యాదులు చూపించు" అని అడిగామనుకోండి. మన ఉద్దేశం రెండు చోట్లవీ కావాలని. తర్కం ప్రకారం చూస్తే ఒకే ఫిర్యాదు రుఆబాంధాదీ, రిసాలీదీ కావడం కుదరదు. 'మరియు' అని ఉన్నదున్నట్టు తీసుకుంటే జవాబు సున్నా. మనకు కావలసింది 'లేదా'. అదే "రుఆబాంధాలోని, ఇంకా పరిష్కారం కాని ఫిర్యాదులు" అంటే నిజంగా 'మరియు'. మాట్లాడేటప్పుడు రెండింటినీ ఒకేలా పలుకుతాం, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. యంత్రానికి సందర్భం తెలియదు.

చాలా మంచి సాఫ్ట్‌వేర్లు ఒక సులువైన నియమం పాటిస్తాయి. ఒకే లక్షణంలో ఎంచుకున్న విలువల మధ్య 'లేదా', వేరువేరు లక్షణాల మధ్య 'మరియు'. సెక్టార్ దగ్గర రుఆబాంధా, రిసాలీ రెండూ టిక్కు పెట్టి, స్థితి దగ్గర 'పరిష్కారం కానివి' టిక్కు పెడితే, ఆ రెండు చోట్లలో ఎక్కడిదైనా సరే, పరిష్కారం కానిదైతేనే కనిపిస్తుంది. వాడేవారు తర్కం పేరు ఎత్తనక్కర లేకుండానే సరైన జవాబు వస్తుంది. అయితే ఫలితం పైన ఒక వాక్యం రాసి పెట్టడం మంచిది: "సెక్టార్: రుఆబాంధా లేదా రిసాలీ. స్థితి: పరిష్కారం కానివి." యంత్రం ఏమని అర్థం చేసుకుందో అప్పుడు చదివి సరిచూసుకోవచ్చు.

గ్రంథాలయం నేర్పిన పాఠం

లక్షణాలుగా విడదీసి వెతకడం అనే ఆలోచన కంప్యూటర్ల కంటే ముందుది. అందులో ఒక పెద్ద అడుగు మన దేశంలోనే పడింది. తమిళనాడులోని శీర్కాళిలో 1892లో పుట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ మొదట గణితం బోధించేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. అప్పటి వర్గీకరణ పద్ధతులు చెట్టు కొమ్మల్లా ఉండేవి. ఒక పుస్తకానికి ఒకే కొమ్మ. భారతదేశంలో వరి తెగుళ్ళ గురించిన పుస్తకాన్ని వ్యవసాయం కింద పెట్టాలా, వృక్షశాస్త్రం కింద పెట్టాలా, భారతదేశం కింద పెట్టాలా? ఏ కొమ్మకు పెట్టినా మిగతా రెండు దారుల్లో వెతికేవారికి అది దొరకదు.

లండన్‌లో ఉన్నప్పుడు దుకాణంలో చూసిన మెకానో బొమ్మ తనకు ఒక దారి చూపిందని రంగనాథన్ చెప్పేవారు. కొద్ది రకాల ముక్కలనే రకరకాలుగా బిగించి ఎన్నో బొమ్మలు చేయవచ్చు. విషయాలను కూడా అలాగే ముక్కలుగా విడదీసి, ఆ ముక్కలను కలుపుకుంటూ పోవచ్చు. 1933లో వచ్చిన ఆయన కోలన్ వర్గీకరణ ఈ ఆలోచన మీదే నిలబడింది. విషయంలోని ఈ కోణాలను ఫేసెట్లు అన్నారు. ప్రధానాంశం, పదార్థం, క్రియ, స్థలం, కాలం అనే అయిదు మూల కోణాలను ఆయన గుర్తించారు.

2000 తరువాతి తొలి ఏళ్ళలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో మార్టీ హర్స్ట్ బృందం ఫ్లమెంకో అనే ప్రాజెక్టులో ఇదే ఆలోచనను తెర మీదకు తెచ్చి పరీక్షించింది. నేడు ఆన్‌లైన్ దుకాణాల్లో ఎడమవైపు కనిపించే ధర, కంపెనీ, రంగు, సైజు జాబితాలు ఆ కోవలోవే. ఎటు నుంచి మొదలుపెట్టినా కావలసిన చోటికి చేరవచ్చు.

ఈ పద్ధతిలో పెద్ద మేలు చేసేది ప్రతి విలువ పక్కనా ఉండే చిన్న అంకె. 'రుఆబాంధా 200', 'రిసాలీ 310', 'గుర్తించనివి 60' అని ముందే కనిపిస్తే, నొక్కాక సున్నా వస్తుందేమోనన్న భయం ఉండదు. ఆ అంకెలన్నీ కూడితే మొత్తానికి సమానం కావాలి కాబట్టి లెక్క తప్పితే అక్కడే దొరికిపోతుంది. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. ఫిల్టర్లకూ అది సరిగ్గా వర్తిస్తుంది.

ఖాళీ గడి చెప్పే అబద్ధం

ఇప్పుడు భిలాయ్ కర్మాగారం గేటు దాటి లోపలికి వెళ్దాం. భారతీయ రైల్వేలకు పట్టాలు తయారు చేయడంలో ఈ కర్మాగారానిది ప్రధాన స్థానం. ఇక్కడ 130 మీటర్ల పొడవైన పట్టాను ఒకే ముక్కగా తయారు చేస్తారు. పట్టా కావడానికి ముందు ఉక్కు ద్రవరూపంలో ఉంటుంది. ఒక విడతలో తయారైన ద్రవ ఉక్కును హీట్ అంటారు. ప్రతి హీట్‌కూ ఒక నంబరు ఉంటుంది. కర్బనం ఎంత, మాంగనీస్ ఎంత, గంధకం ఎంత అన్న పరీక్షా ఫలితాలు ఆ నంబరు మీదే నమోదవుతాయి.

పట్టాల ఉక్కులో ప్రమాదకరమైన అతిథి హైడ్రోజన్. వేడి ద్రవంలో కరిగి ఉన్న హైడ్రోజన్, ఉక్కు గట్టిపడి చల్లారాక లోపలే చిక్కుకుపోతే సన్నని పగుళ్ళకు కారణమవుతుంది. పైకి కనిపించని ఆ పగులు రైళ్ళ బరువు కింద పెరిగి ఒక రోజు పట్టా విరగవచ్చు. అందుకే ద్రవ ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 1.6 భాగాలు మించరాదని భారతీయ రైల్వే ప్రమాణం చెబుతుంది.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. పట్టికలో 100 హీట్లు ఉన్నాయి. 92 హీట్లలో హైడ్రోజన్ 1.6 లేదా అంతకంటే తక్కువ. మూడింటిలో ఎక్కువ. మిగతా అయిదింటి గడి ఖాళీగా ఉంది. కొలత తీసి నమోదు చేయలేదో, కొలతే తీయలేదో తెలియదు. "1.6 కంటే ఎక్కువ ఉన్నవి చూపించు" అంటే మూడు వస్తాయి. "1.6 మించనివి చూపించు" అంటే 92 వస్తాయి. రెండూ కలిపితే 95. అయిదు హీట్లు ఏ ప్రశ్నకూ జవాబుగా రాలేదు.

ఇది సాఫ్ట్‌వేర్‌లో లోపం కాదు, ఎస్‌క్యూఎల్ నియమమే అది. ఖాళీ గడిని 'నల్' అంటారు. నల్‌ను దేనితో పోల్చినా జవాబు 'అవును' కాదు, 'కాదు' కూడా కాదు. 'తెలియదు' అనే మూడో జవాబు వస్తుంది. ఫిల్టర్ 'అవును' అన్న వరుసలనే ఉంచుతుంది కాబట్టి 'తెలియదు' అన్నవి జారిపోతాయి. ప్రశ్నకు ముందు 'కాదు' చేర్చి తిప్పినా ఫలితం మారదు, ఎందుకంటే 'తెలియదు'కు వ్యతిరేకం కూడా 'తెలియదే'. గణితపరంగా ఇది సబబే. తెలియని కొలత 1.6 దాటిందో లేదో ఎవరూ చెప్పలేరు.

పనిచేసే మనిషి దృష్టిలో మాత్రం ఆ అయిదే అన్నిటికంటే ముఖ్యమైనవి. పరిమితి దాటిన మూడు హీట్ల సంగతి అందరికీ తెలుసు. వాటిని పక్కన పెట్టడానికి నియమం ఉంది. కొలత నమోదుకాని అయిదింటి గురించి అడిగేవారే లేరు. కాబట్టి అంకెల ఫిల్టర్ ఏదైనా 'ఎక్కువ', 'తక్కువ'లతో పాటు 'నమోదు కానివి' అనే మూడో దారిని తప్పక ఇవ్వాలి. అడగకపోయినా సరే, "5 వరుసల్లో ఈ విలువ లేదు" అని ఫలితం కిందే చెప్పాలి. ఖాళీ గడిని సున్నాగా చదివే సాఫ్ట్‌వేర్ ఇంకా ప్రమాదకరం. కొలవని హీట్ దాని లెక్కలో అన్నిటికంటే మంచి హీట్ అయి కూర్చుంటుంది.

రాత్రి షిఫ్టు ఏ తేదీది?

తేదీల ఫిల్టర్ చూడటానికి మరీ అమాయకంగా ఉంటుంది. "మార్చి 1 నుంచి మార్చి 31 వరకు" అని ఎంచుకుంటాం. డేటాబేస్‌లో ప్రతి నమోదుకూ తేదీతో పాటు గంటలు, నిమిషాలు కూడా ఉంటాయి. సమయం చెప్పకుండా 'మార్చి 31' అని మాత్రమే ఇస్తే చాలా వ్యవస్థలు దాన్ని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుంటాయి. అంటే 31వ తేదీ పగలంతా చేసిన నమోదులు లెక్కలోకి రావు. మన దేశంలో ఆర్థిక సంవత్సరం ముగిసేది ఆ రోజే కాబట్టి, బిల్లులు కుప్పలుగా పడే రోజునే ఫిల్టర్ మింగేస్తుంది. 'ఏప్రిల్ 1 మొదలయ్యే ముందు వరకు' అని లోపల రాసుకోవడం దీనికి సరైన పద్ధతి.

ఉక్కు కర్మాగారం లాంటి చోట ఇంకో మెలిక ఉంది. కొలిమి రాత్రి ఆగదు, పని మూడు షిఫ్టుల్లో సాగుతుంది. రాత్రి 10 గంటలకు మొదలైన షిఫ్టు మర్నాడు ఉదయం 6 గంటలకు ముగుస్తుందనుకుంటే, అందులో తెల్లవారుజామున 2 గంటలకు జరిగిన పని ఏ తేదీది? క్యాలెండర్ ఒకటి చెబుతుంది, షిఫ్టు పుస్తకం ఇంకొకటి చెబుతుంది. ఒక విభాగం క్యాలెండర్ తేదీతో, మరో విభాగం షిఫ్టు తేదీతో ఫిల్టర్ చేస్తే ఇద్దరి లెక్కలూ ఎవరి మటుకు వారివి సరైనవే, కానీ ఒకదానితో ఒకటి కలవవు. రెండు తేదీలనూ వేరు గడుల్లో ఉంచి, ఫిల్టర్ దేన్ని వాడుతోందో పేరు పెట్టి చెప్పడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

దాచిపెట్టుకునే ఫిల్టర్లతోనూ ఇలాంటి అస్పష్టతే ఉంది. 'గత 30 రోజులు' అని భద్రపరిస్తే, వచ్చే నెల తెరిచినప్పుడు అది అప్పటి 30 రోజులను చూపించాలా, మొదట చూసిన ఆ 30 రోజులనే చూపించాలా? రెండూ అవసరమే. ఏది కావాలో భద్రపరిచేటప్పుడే అడగాలి.

వేగం ఎందుకు ముఖ్యం

జవాబు ఆలస్యమైతే మనిషి రెండో ప్రశ్న అడగడు. మొదట వచ్చిన అంకెతోనే సరిపెట్టుకుంటాడు. కాబట్టి వేగం ఒక్క సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు, జవాబు నిజమా కాదా అని తేల్చుకునే ఓపికకు కూడా సంబంధించినది. పదో వంతు సెకనులో స్పందన వస్తే అప్పటికప్పుడు జరిగినట్టే అనిపిస్తుందని, ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుందని, పది సెకన్లు దాటితే ధ్యాస మళ్ళుతుందని కంప్యూటర్ వాడకం మీద పనిచేసే నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు.

మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ బృందం 1990ల మొదట్లో దీన్ని ఒక అడుగు ముందుకు తీసుకెళ్ళింది. వాషింగ్టన్ నగరంలో ఇల్లు వెతుక్కునే ఒక నమూనా ప్రోగ్రాంలో ధర, గదుల సంఖ్య, ఆఫీసు నుంచి దూరం అనేవాటికి జరిపే మీటలు పెట్టారు. మీట జరుపుతుంటే పటం మీద ఇళ్ళ చుక్కలు వెంటనే మారిపోతాయి. దీనికి డైనమిక్ క్వెరీ అని పేరు. ధర కొంచెం పెంచితే ఎన్ని ఇళ్ళు కొత్తగా చేరతాయో కళ్ళకు కడుతుంది. హద్దుకు అటూ ఇటూ ఏముందో తెలుసుకోవడం ఇందులోని లాభం.

లక్షల వరుసల్లో ఇంత వేగం రావాలంటే ప్రతి వరుసనూ అడుగుతూ పోతే కుదరదు. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మొదటి పేజీ నుంచి చదవం కదా. బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970 ప్రాంతంలో రూపొందించిన బి-ట్రీ అనే అమరిక ఇలాంటి సూచికే. ఒక్కో మెట్టులో 100 దారులు ఉన్నాయనుకుంటే, మూడు మెట్లలో 100×100×100, అంటే పది లక్షల వరుసల్లో ఒకదాన్ని చేరవచ్చు. దేని మీద ఎక్కువగా ఫిల్టర్ చేస్తారో తెలుసుకుని ఆ గడులకే సూచిక కట్టాలి. అది తెలియాలంటే సాఫ్ట్‌వేర్ రాసేవారు వాడేవారి పక్కన కూర్చుని చూడాలి.

తెర మీద లేనివి ప్రాణాలు తీసినప్పుడు

ఫిల్టర్ దాచినవాటి వల్ల ఎంత నష్టం జరగవచ్చో చెప్పే రెండు సంఘటనలు చరిత్రలో ఉన్నాయి. రెండింటిలోనూ దాచాలని ఎవరూ అనుకోలేదు.

మొదటిది 1986 జనవరి 28న జరిగిన ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదం. నౌక బూస్టర్ రాకెట్ల అతుకుల్లో ఉండే రబ్బరు వలయాలు చలికి సరిగా పనిచేయవేమోనని ముందు రోజు రాత్రి ఇంజినీర్లు చర్చించారు. పాత ప్రయోగాల్లో వలయాలు దెబ్బతిన్నవాటిని మాత్రమే ఏరి, వాటి ఉష్ణోగ్రతలు చూశారు. చల్లని రోజునా దెబ్బతిన్నాయి, వెచ్చని రోజునా దెబ్బతిన్నాయి. చలికీ దీనికీ సంబంధం స్పష్టంగా కనిపించలేదు. ప్రయోగం జరిగింది, ఏడుగురు వ్యోమగాములు మరణించారు.

విచారణ జరిపిన రోజర్స్ కమిషన్, వలయాలు దెబ్బతినని ప్రయోగాలను కూడా అదే పటంలో చేర్చింది. అప్పుడు చిత్రం మారిపోయింది. 66 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 19 డిగ్రీల సెల్సియస్, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే వలయాలకు ఇబ్బంది వచ్చింది. 63 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 17 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకంటే తక్కువలో జరిగిన నాలుగింటికి నాలుగింటిలోనూ వచ్చింది. 'దెబ్బతిన్నవి మాత్రమే' అన్న ఫిల్టర్ తీసేయగానే సమాచారం మాట్లాడింది.

రెండోది 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది. కోవిడ్ పరీక్షా ఫలితాలను ఒకచోట చేర్చేటప్పుడు పాత రకం ఎక్సెల్ ఫైళ్ళు వాడారు. ఆ ఫైల్లో 65,536 వరుసలకు మించి పట్టవు. హద్దు దాటిన వరుసలు ఏ హెచ్చరికా లేకుండా మిగిలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. పరీక్ష చేయించుకున్నవారికి ఫలితం అందింది, కానీ వారితో కలిసి తిరిగినవారిని హెచ్చరించే పని ఆలస్యమైంది. ఎవరూ ఎంచుకోని, ఎవరికీ కనిపించని ఫిల్టర్ అది.

రోజువారీ సాఫ్ట్‌వేర్లలోనూ ఇలాంటివి చాలా ఉంటాయి. 'ప్రస్తుత ఉద్యోగులు మాత్రమే' అని ముందే అమర్చి ఉన్న ఫిల్టర్, 'మొదటి 1,000 వరుసలు మాత్రమే' అన్న హద్దు, నిన్న పెట్టి తీసేయడం మరిచిపోయిన షరతు లాంటివి. ఇవి ఉండటంలో తప్పు లేదు, ఉన్నట్టు చెప్పకపోవడమే తప్పు. 'అన్నీ ఎంచుకో' అన్న మీట నొక్కినప్పుడు ఇది మరీ అవసరం. కనిపిస్తున్న 50 వరుసలా, ఫిల్టర్‌కు సరిపోయిన 200 వరుసలా, పట్టికలోని 10,000 వరుసలా? ఆ తరువాత నొక్కేది 'తొలగించు' అయితే తేడా చిన్నది కాదు.

రెండు కుప్పల పరీక్ష

మీరు వాడే ఫిల్టర్ నమ్మదగినదో కాదో తేల్చుకోవడానికి ప్రోగ్రామింగ్ తెలియనక్కర లేదు. ఒక షరతు పెట్టి ఎన్ని వరుసలు వచ్చాయో రాసుకోండి. అదే షరతును తిరగేసి, అంటే 'రుఆబాంధా' బదులు 'రుఆబాంధా కానివి' అని పెట్టి, వచ్చిన సంఖ్యను రాసుకోండి. చివరగా ఫిల్టర్లన్నీ తీసేసి మొత్తం సంఖ్య చూడండి. రెండు కుప్పలు కలిపితే మొత్తానికి సమానం కావాలి. కాకపోతే ఆ తేడాయే ఫిల్టర్ దాచిన వరుసల సంఖ్య. ఖాళీ గడులు ఈ పరీక్షలో ముందుగా దొరికిపోతాయి.

స్పెల్లింగు తేడాలు ఈ పరీక్షకు చిక్కవు, ఎందుకంటే అవి 'రుఆబాంధా కానివి' కుప్పలో చేరిపోయి మొత్తం సరిపోయేలా చేస్తాయి. అందుకు రెండో పరీక్ష ఉంది. ఆ గడిలో ఉన్న విలువలన్నిటినీ అక్షరక్రమంలో పెట్టి, ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఒకే పేరు పక్కపక్కనే మూడు వేషాల్లో కనిపిస్తుంది. సమయంతో కూడిన తేదీలకు మూడో పరీక్ష: ఒక నెల మొత్తానికి ఫిల్టర్ పెట్టి, జాబితాలో చివరి రోజు సాయంత్రం నమోదులు ఉన్నాయో లేదో చూడండి.

సాఫ్ట్‌వేర్ తయారు చేసేవారికి ఈ మూడు పరీక్షల నుంచే నియమాలు వస్తాయి. ఏ షరతులు అమలులో ఉన్నాయో ఫలితం పైన ఎప్పుడూ కనిపించాలి. 'మొత్తం 10,000లో 200 చూపిస్తోంది' అని అంకెలతో చెప్పాలి. విలువ లేనివి, గుర్తించలేనివి విడిగా లెక్కించాలి. ప్రతి షరతునూ ఒక్క నొక్కుతో తీసేయగలగాలి. ముద్రించిన నివేదికలో, దించుకున్న ఫైల్లో కూడా ఆ షరతులు రాసి ఉండాలి, ఎందుకంటే కాగితం చేతులు మారాక ఫిల్టర్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇందులో కొత్త ఆవిష్కరణలు అవసరమైనది ఏదీ లేదు. తర్కాన్ని బూల్, కోణాలను రంగనాథన్, పట్టికను కాడ్ ఏనాడో ఇచ్చారు. మిగిలింది ఫలితం కింద ఒక్క వాక్యం రాయడమే: "60 ఫిర్యాదులు ఏ సెక్టార్‌వో గుర్తించలేదు, చూడండి." ఆ వాక్యం చదివిన అధికారి జాబితా తెరిస్తే, రువాబంధ అని నమోదైన ఇంటికి కూడా ప్లంబర్ వెళ్తాడు.